నెమరు వెంట: కృష్ణ దాటి తెనాలి పల్లె దాకా ఆరు రోజులు

మొదటి రోజు: విజయవాడ, గన్నవరం

సంక్రాంతి వెళ్లి వారం తిరగకముందే, ఒక తెల్లవారుజామున విజయవాడ స్టేషన్‌లో దిగాను. భుజాన ఉన్న సంచిలో బట్టల కన్నా పనిముట్లే ఎక్కువ: గురిపెట్టి చూసే లేజర్ మీథేన్ డిటెక్టర్, గడ్డి తూచడానికి కొక్కెం త్రాసు, పశువు ఛాతీ కొలిచే టేపు, మేత నమూనాలకు ప్లాస్టిక్ కవర్లు, రెండు లాంగ్ నోట్‌బుక్కులు. పశువైద్యం చదివిన నేను రెండేళ్లుగా పాడి పశువుల నుంచి వెలువడే మీథేన్ మీద పరిశోధన చేస్తున్నాను. ఇంతకాలం ప్రయోగశాలలో గాజు సీసాల్లో పులిసే మేతనే చూశాను. ఆ మేత తినే గేదెను దాని కొట్టంలోనే, దాన్ని సాకే మనిషి పక్కన నిలబడి చూడాలన్నదే ఈ ప్రయాణానికి కారణం.

చిట్టినగర్ పాల ఫ్యాక్టరీ వైపు వెళ్లే రోడ్డు మీద, ఇంకా వెలుగు రాకముందే ఒక బడ్డీ దగ్గర టీ తాగాను. ఈ ఊళ్లో టీకి చిక్కదనం గేదె పాల నుంచే వస్తుంది. గేదె పాలలో వెన్న ఏడు శాతం దాకా ఉంటుంది, సంకర ఆవు పాలలో అందులో సగం కాస్త దాటుతుంది. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో ఆవుజాతి పశువులు 19.25 కోట్లు, గేదెలు 10.98 కోట్లు, రెండూ కలిపితే 30 కోట్లు దాటుతాయి. పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం. ఆ పాలన్నీ నెమరు వేసే పశువుల నుంచి వస్తున్నవే గనుక, నెమరుతో పాటు పుట్టే మీథేన్ కూడా మన లెక్కలోకే వస్తుంది. ఈ వాయువు గాలిలో సుమారు పన్నెండేళ్లు మాత్రమే నిలుస్తుంది. అయినా వందేళ్ల లెక్కన చూస్తే బరువుకు బరువుగా బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 27 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే 80 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. త్వరగా పోయే వాయువు కాబట్టి, దాన్ని ఈరోజు తగ్గిస్తే ఫలితం మన కళ్ల ముందే కనిపిస్తుంది. నన్ను ఈ పనిలోకి లాగింది ఆ ఆశే.

మధ్యాహ్నానికి గన్నవరం చేరాను. అక్కడి పశువైద్య కళాశాలలో నాకు సీనియర్ అయిన ఒక అక్క, దగ్గర్లోని ఒక ఫారానికి తీసుకువెళ్లి, గేదె మెడకు కట్టే నమూనా డబ్బాలను చూపించింది. 1994లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు ప్రకటించిన పద్ధతి ఇది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ నింపిన చిన్న ఇత్తడి గొట్టాన్ని, పశువు ఒంటి వేడికి సమానమైన 39 డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉంచి, రోజుకు ఎన్ని మిల్లీగ్రాముల వాయువు దానిలోంచి బయటికి వస్తోందో తూచి తేల్చుకుని, అప్పుడు దాన్ని పశువు చేత మింగిస్తారు. ముక్కు దగ్గర అమర్చిన సన్నని గొట్టం, గాలి తీసేసిన డబ్బాలోకి ఇరవై నాలుగు గంటల పాటు కొద్దికొద్దిగా ఊపిరిని లాగుతుంది. లోపల పెట్టిన వాయువు ఎంతో తెలుసు; డబ్బాలో అదెంత, మీథేన్ ఎంత అన్న నిష్పత్తి తెలిస్తే, ఆ రోజు పశువు వదిలిన మీథేన్ బరువు లెక్కకు వస్తుంది. చదివేటప్పుడు చక్కగా ఉండే ఈ పద్ధతి కొట్టంలో కష్టపెడుతుంది. గేదె మెడను గుంజకు రాసుకుంటే గొట్టం ఊడుతుంది, మూతిని నీళ్లలో ముంచితే గొట్టంలోకి నీరు చేరి ఆ రోజు నమూనా చెడిపోతుంది. పశువును గదిలో ఉంచి గాలిని కొలిచే శ్వాస గదులు ఇంతకన్నా కచ్చితమైనవే; కానీ మందకు అలవాటుపడ్డ గేదె ఒంటరి గదిలో మేత తగ్గించేస్తుంది, మేత తగ్గితే మీథేనూ తగ్గుతుంది. పైగా సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ బొగ్గుపులుసు వాయువు కన్నా 20 వేల రెట్లకు పైగా వేడి పట్టే వాయువు. వాడేది మిల్లీగ్రాములే అయినా, ఇంట్లో తాగే పాలిచ్చే గేదె చేత దాన్ని మింగించడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే పల్లెకు లేజర్ పరికరంతో మాత్రమే వెళ్లాలని బయలుదేరేముందే నిర్ణయించుకున్నాను.

రెండవ రోజు: లాం

ప్రకాశం బ్యారేజీ దాటి, మంగళగిరి మీదుగా గుంటూరు చేరి, అక్కడి నుంచి అమరావతి రోడ్డులో ఉన్న లాం వెళ్లాను. అక్కడి పశు పరిశోధనా స్థానం ఒంగోలు జాతిని కాపాడే పనికి పేరు పొందినది. తెల్లని ఒళ్లు, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలుతో ఒంగోలు ఆవులు నీడలో పడుకుని నెమరు వేస్తుంటే, అరగంట సేపు ఏ పరికరమూ తీయకుండా చూస్తూ కూర్చున్నాను.

ఆవు మీథేన్ వెనక నుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. నూటికి తొంభై పాళ్ల దాకా అది త్రేన్పుగా నోటి నుంచి, ముక్కు నుంచి వస్తుంది. నాలుగు అరల పొట్టలో మొదటిదైన రూమెన్, వంద లీటర్లకు పైగా పట్టే పులియబెట్టే తొట్టి. మనం అరిగించుకోలేని గడ్డిపీచును అక్కడి సూక్ష్మజీవులు విరిచి, పశువుకు శక్తినిచ్చే ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ పనిలో హైడ్రోజన్ పుడుతుంది. అది పేరుకుపోతే పులియడమే మందగిస్తుంది. అప్పుడు ఆర్కియా అనే ప్రాచీన సూక్ష్మజీవులు నాలుగు హైడ్రోజన్ అణువులను, ఒక బొగ్గుపులుసు వాయువు అణువును కలిపి మీథేన్‌గా, నీరుగా మార్చి దారి తెరుస్తాయి. అంటే మీథేన్ పశువు చేసే తప్పు కాదు. గడ్డిని పాలుగా మార్చే ఏర్పాటులో హైడ్రోజన్‌ను బయటికి పంపే మార్గం అది. ఆ మార్గాన్ని ఊరికే మూసేస్తే చాలదు, హైడ్రోజన్‌కు మరో పని చూపించాలి. ఎండుగడ్డి పులిస్తే ఆ ఆమ్లాల్లో అసిటేట్ అనేది ఎక్కువగా, దానితోపాటు హైడ్రోజన్ ఎక్కువగా పుడతాయి. గింజల దాణా పులిస్తే ప్రొపియోనేట్ అనే మరో ఆమ్లం ఎక్కువగా పుట్టి, హైడ్రోజన్‌ను అదే వాడుకుంటుంది. మేత మారితే మీథేన్ మారడానికి మూలం ఇక్కడే ఉంది.

లాంలో ఒక మాట నన్ను ఆలోచనలో పడేసింది. మేము లీటరు పాలకు ఎన్ని గ్రాముల మీథేన్ అని లెక్క కడతాం. ఆ లెక్కలో ఒంగోలు ఆవు ఎప్పుడూ వెనకే ఉంటుంది. కానీ ఈ జాతిని మన పెద్దలు పెంచింది దుక్కికి, బండికి. ఇదే జాతి 19వ శతాబ్దం నుంచి ఓడలెక్కి బ్రెజిల్ చేరి, నెలోర్ అన్న పేరుతో అక్కడి పశుసంపదకు వెన్నెముక అయింది. దుక్కి దున్నిన రోజులను లీటర్లలో కొలవలేం. కొలమానం ఎంచుకునేటప్పుడే సగం తీర్పు ఇచ్చేస్తున్నామన్న ఎరుక మా వృత్తిలో ఇంకా పెరగాలని నా అభిప్రాయం.

మూడవ రోజు: వడ్లమూడి మీదుగా తెనాలి, ఆపైన పల్లె

గుంటూరు నుంచి తెనాలి బస్సు వడ్లమూడి దాటుతుంటే, పాల ట్యాంకర్లు సంగం డెయిరీ వైపు మళ్లుతూ కనిపించాయి. తెనాలి దాటి కొల్లిపర వైపు వెళ్లే దారిలో రెండు పక్కలా మొక్కజొన్న నిలబడి ఉంది. వరి కోసిన మడిలో దుక్కి లేకుండానే నాటిన పంట అది. గడ్డివాములు మాత్రం నా చిన్నప్పుడు చూసినంత ఎత్తున లేవు. కోత మిషన్లు వచ్చాక గడ్డి ముక్కలై మడిలోనే పరుచుకుంటోందని, కట్టలు కట్టే యంత్రం దొరికిన వారే దాన్ని ఇంటికి తెచ్చుకోగలుగుతున్నారని బస్సులో పక్కన కూర్చున్న రైతు చెప్పాడు.

నాకు ఆతిథ్యమిచ్చిన ఇంట్లో ఒక తాతగారు, మామ్మగారు, డిగ్రీ చదువుతున్న మనవరాలు ఉంటారు. కొట్టంలో నాలుగు ముర్రా గేదెలు: రెండు పాలిస్తున్నవి, ఒకటి చూడిది, ఒకటి పడ్డ. వెళ్లగానే పరికరం బయటికి తీయకుండా, ఎందుకు వచ్చానో ముందు చెప్పాను. సూది వేయనని, రక్తం తీయనని, దూరం నుంచి చూసి రాసుకుంటానని చెప్పాక, మామ్మగారు, "దాన్ని బెదరగొట్టకు డాక్టరమ్మా, బెదిరితే సేపదు," అని ఒక్క షరతు పెట్టారు. పాలు చేపడం అనేదాన్ని మా పుస్తకాలు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పేరుతో వివరిస్తాయి. ఆవిడ మాట ఆ వివరణ అంతటినీ మోస్తోంది.

సాయంత్రం పాలకేంద్రానికి ఆవిడ వెంట వెళ్లాను. క్యాను మూత తీసి, కలియబెట్టి, చిన్న గరిటెతో నమూనా తీసి యంత్రం కింద పెట్టగానే వెన్న శాతం తెర మీద కనిపిస్తుంది. డబ్బు ఆ అంకె మీదే నిర్ణయమవుతుంది. గేదె పాలనూ ఆవు పాలనూ లీటరుకు లీటరుగా పోల్చడం తప్పని, కొవ్వును, మాంసకృత్తులను లెక్కలోకి తీసుకుని సరిచేసిన పాలతోనే మీథేన్‌ను పోల్చాలని మేము తరగతి గదిలో నేర్చుకుంటాం. పాలకేంద్రం ముందు వరసలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ ఆ సంగతి పుట్టుకతో తెలిసినట్టుగా ఉంది.

నాలుగవ రోజు: కొట్టంలో

తెల్లవారి నాలుగింటికి పాలు పితకడం, ఆ వెంటనే మేత. తాతగారు కొట్టంలోకి తెచ్చే ప్రతి మోపునూ కొక్కెం త్రాసుకు తగిలించి తూచాను. పాలిచ్చే పెద్ద గేదెకు రోజుకు వరిగడ్డి తొమ్మిది కిలోలు, పచ్చిమేత ఒక మోపు, తవుడు రెండు కిలోలు, పత్తి చెక్క కిలోన్నర, పూటపూటా కుడితి. తిన్నదెంతో తెలియాలంటే వేసినదాన్ని తూస్తే సరిపోదని, తొట్టిలో మిగిలినదాన్ని కూడా తూచి తీసేయాలని మనవరాలికి చెప్పాను. తల ఊపింది గానీ, గేదె ఎంగిలిని ఎవరు తూస్తారన్న ప్రశ్న ఆ అమ్మాయి ముఖంలో కనిపించింది.

తొమ్మిదింటికి గేదె పడుకుని నెమరు మొదలుపెట్టింది. మీటరు దూరంలో పీట వేసుకుని, ముక్కు రంధ్రాల మీద ఎర్రటి గురి చుక్క నిలిపాను. ఈ పరికరం మొదట పశువుల కోసం పుట్టలేదు. నగరాల్లో గ్యాస్ పైపుల లీకులు దూరం నుంచి పసిగట్టడానికి తయారైంది. పశువు ఊపిరి వదిలినప్పుడు అంకె కొంచెం లేచి పడుతుంది. త్రేన్పు వచ్చినప్పుడు ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. అంకెల కన్నా గేదె మెడే నన్ను కట్టిపడేసింది. ముందు డొక్క ఒక్కసారి ముడుచుకుంది. మెడ కింది వైపు గుప్పెడంత ఉబ్బు కింది నుంచి పైకి పాకింది. దవడ ఒక పక్కకు జరిగి, నమలడం మొదలైంది. ఆ ముద్దను 52 సార్లు నమిలి మింగింది. రెండు మూడు క్షణాలు నిశ్శబ్దం. మళ్లీ ఉబ్బు పైకి వచ్చింది. మింగడానికి, మళ్లీ తెచ్చుకోవడానికి మధ్యలో, చప్పుడు లేకుండా, మూతి కాస్త ఎత్తి ఒక త్రేన్పు వదిలేది. తెర మీద అంకె లేచేది అప్పుడే. రెండేళ్లుగా గ్రాఫుల్లో శిఖరాలుగా చూసినదాన్ని ఒక జీవి మెడలో కదలికగా చూడడం ఆ ఉదయమే మొదలు.

పదిన్నర తర్వాత లెక్క తేడాగా తోచింది. గేదె తల తిప్పుకుని ఉన్నా, ఊపిరికీ త్రేన్పుకూ సంబంధం లేకుండా అంకె ఎక్కువగానే నిలుస్తోంది. పరికరం చెడిందేమోనని భయపడి, దాన్ని ఆరుబయట ఖాళీ గోడ వైపు తిప్పితే మామూలుగానే చూపింది. మళ్లీ కొట్టం వైపు తిప్పితే ఎక్కువ. చివరికి కొట్టం వెనక, దడి అవతల, పక్కింటివారి గోబర్ గ్యాస్ డ్రమ్ము కనిపించింది. గొట్టం అతుకు దగ్గర సబ్బు నీళ్లు పోసి చూస్తే బుడగలు లేచాయి. లేజర్ గురి గేదె ముక్కును తప్పిన ప్రతిసారీ ఆ దారిలోని గాలినీ చదువుతోంది. ఉదయమంతా రాసుకున్న కొలతల మీద అడ్డగీత గీసి, పక్కన కారణం రాశాను. కొలతకు ముందు చుట్టూ తిరిగి చూసి ఉండాల్సింది. ఆ తర్వాత నుంచి ప్రతి కొట్టానికీ ముందు నాలుగు దిక్కులా ఖాళీ గాలిని కొలవకుండా పీట వేయలేదు. పక్కింటి బాబాయి గారు మాత్రం, నెలరోజులుగా పొయ్యి సరిగా ఎందుకు మండడం లేదో ఇప్పుడు తెలిసిందని, సాయంత్రానికల్లా అతుకు బిగించి వచ్చి చెప్పారు. పేడ నుంచి వచ్చే మీథేన్‌ను పట్టి పొయ్యి కిందకు తెచ్చే ఏర్పాటు మన పల్లెలకు ఎప్పుడో వచ్చింది. నోటి నుంచి వచ్చేదాన్ని అలా డ్రమ్ములో పట్టలేం.

ఐదవ రోజు: అరుగు మీద

ఉదయం నాలుగు ఇళ్లలో కొలతలు సాఫీగా సాగాయి. లేజర్ ఇచ్చేది ఆ క్షణంలో ఆ గాలిలో ఉన్న సాంద్రత మాత్రమే. దాని నుంచి రోజు మొత్తానికి గ్రాములు చెప్పడం సాహసమవుతుంది కాబట్టి, ఒకే గేదె వేర్వేరు మేత తిన్నప్పుడు ఎలా మారుతుందన్నదే చూడదలిచాను.

మధ్యాహ్నం అరుగు మీద తాతగారు సూటిగా అడిగారు: "ఇంత గాలి పోతే మాకేంటమ్మా నష్టం?" దానికి నా దగ్గర లెక్క ఉంది. దేశాల లెక్కల కోసం, వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2006లో ఇచ్చిన మార్గదర్శకాలు మన ప్రాంతపు గేదెకు ఏడాదికి 55 కిలోల మీథేన్ అని ఒక సగటు పెట్టాయి. ఆ 55 కిలోల్లో ఉన్న శక్తిని వంట గ్యాస్‌తో పోలిస్తే, ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్లు నాలుగుకు పైగానే అవుతాయి. అదంతా గడ్డిలోంచి, తవుడులోంచి, డబ్బు పోసి కొన్న చెక్కలోంచి వచ్చిన శక్తే. పశువు తిన్న మేతలోని మొత్తం శక్తిలో సుమారు ఆరేడు శాతం ఇలా గాలిలో కలుస్తుంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాలుగు బండలా," అని ఆ నాలుగు గేదెల వైపూ చూశారు.

మామ్మగారి ప్రశ్న ఇంకా పదునైనది. "అది ఆపితే పాలు పెరుగుతాయా?" నిజం చెప్పాలి కాబట్టి చెప్పాను: తప్పకుండా పెరుగుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. మీథేన్ తయారీలో చివరి మెట్టు దగ్గరి ఎంజైమును అడ్డుకునే 3-ఎన్ఓపీ అనే పదార్థం, పాడి ఆవుల్లో సుమారు 30 శాతం దాకా మీథేన్‌ను తగ్గిస్తున్నా, పాలు ఆ మేరకు పెరగడం లేదు. అది పనిచేయాలంటే దాదాపు ప్రతి ముద్దలోనూ ఉండాలి. గడ్డి ఒక వేళకు, తవుడు ఒక వేళకు వేసే మన కొట్టంలో అది కుదిరే పని కాదు, పీచు ఎక్కువైన మేతలో దాని ప్రభావమూ తగ్గుతుంది. బ్రోమోఫామ్ ఉండే ఎర్రటి సముద్రపు నాచు కొన్ని ప్రయోగాల్లో 80 శాతానికి పైగా తగ్గించింది; కానీ దాన్ని అంతగా పెంచడం, రోజూ మేపడం, పాలలోకి ఏం వస్తుందో చూడడం ఇంకా పెద్ద పనులే. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ టానిన్లు ఉన్న మొక్కల పదార్థంతో హరిత్ ధార అనే దాణాను రూపొందించి, 17 నుంచి 20 శాతం తగ్గుతుందని చెప్పింది. చింతగింజల తొక్కులో ఉండే వగరు ఈ టానిన్లదే. ఈ మాట విని మామ్మగారు, "వగరుగా ఉంటే మూతి పెడుతుందా?" అన్నారు. ఎంత వేస్తే మూతి పెడుతుంది, ఎంత దాటితే మానేస్తుంది అన్నదాని చుట్టూనే ఆ పరిశోధనంతా తిరుగుతుంది.

నేను మాత్రం ఈ ఊళ్లకు ముందు చెప్పేది పదార్థాల గురించి కాదు, మేత తొట్టి గురించి. ఉదాహరణకు రోజుకు 150 గ్రాముల మీథేన్ వదిలి మూడు లీటర్లిచ్చే గేదె లీటరుకు 50 గ్రాములు వదిలినట్టు. మంచి మేతతో 200 గ్రాములు వదిలినా తొమ్మిది లీటర్లిచ్చేది లీటరుకు 22 గ్రాములతో సరిపెడుతుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు నాలుగు శాతం లోపే. దాన్ని విరిచే సూక్ష్మజీవులకు నత్రజని చాలక పులియడం నత్తనడక నడుస్తుంది. వరి కోతకు ముందు మడిలో పిల్లిపెసర, జనుము చల్లుకుని మేపుకోవడం డెల్టాలో పాత పద్ధతే. తాతగారి చిన్నతనంలో ప్రతి మడి అంచునా ఉండేదట. మినుము, మొక్కజొన్న డబ్బులు తెచ్చాక ఆ చోటు పోయింది. పశువు మీథేన్ తగ్గాలని నగరాల్లో కూర్చుని అడిగేవారు ఆ మడి అంచు ఖర్చు ఎవరు భరిస్తారన్నది కూడా ఆలోచించాలి. 2021లో గ్లాస్గో వాతావరణ సమావేశంలో ప్రకటించిన ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞలో మన దేశం చేరలేదు. రెండు మూడు పశువులతో బతికే కోట్ల కుటుంబాలను తలుచుకుంటే, ఆ జాగ్రత్త నాకు అర్థమవుతుంది. చేరకపోయినా చేయాల్సిన పని మాత్రం అలాగే ఉంది.

ఆరవ రోజు: తిరుగు ప్రయాణం

వేసవిలో, పచ్చిమేత అయిపోయి వరిగడ్డే మిగిలినప్పుడు, అవే గేదెలను మళ్లీ కొలవాలి. అప్పటిదాకా రోజూ మేత బరువు, పాల కొలత రాసి పెడతానని మనవరాలు ఒప్పుకుంది. కొక్కెం త్రాసును, రెండో నోట్‌బుక్కును ఆ అమ్మాయికే ఇచ్చి వచ్చాను. తాతగారు చెరువు వైపు మడి మూలలో అర ఎకరం లోపు చోట పిల్లిపెసర వేస్తానన్నారు. విత్తనం దొరికితే, అని కూడా అన్నారు. విత్తనం నేనే కనుక్కుని పంపుతానని చెప్పాను.

తెనాలిలో రైలెక్కి, దుగ్గిరాల దాటి, కృష్ణ వంతెన మీదుగా విజయవాడ చేరేసరికి చీకటి పడింది. గడ్డి, తవుడు, చెక్క నమూనాల కవర్లు నలగకుండా ఒళ్లో పెట్టుకుని ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాను. అప్పుడు ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. నోట్‌బుక్కులో మొదటి పేజీ, గీతలు స్కేలుతో గీసి ఉన్నాయి. వరిగడ్డి 9 కిలోలు, తవుడు 2, పత్తి చెక్క ఒకటిన్నర, ఉదయం పాలు మూడు లీటర్ల పావు. కింద, గడి లేని చోట, విడిగా ఒక వరుస ఉంది: "అక్కా, సాయంత్రం తొట్టిలో మిగిలింది ఒక కిలో రెండు వందలు. మామ్మ తూచింది."